మద్దిలేటి అమ్మిన గొర్రు

చిన్న కథ చెబుతాను, పొయ్యి మీద ఎసరు మరిగేలోగా అయిపోతుంది. ఎర్రవంక అనే ఊళ్ళో మద్దిలేటి అనే రైతు ఉండేవాడు. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో అడగకుండానే తనకు తెలుసనుకోవడం అతని జబ్బు. ఆ జబ్బు ఆ ఊళ్ళో చాలామందికి ఉండేది. టీకొట్టు సుంకమ్మ, ఎవరికీ చక్కెర ఇష్టం లేదని తనంతట తానే తేల్చుకుంది. సర్పంచ్ అయితే జనం చీకట్లో కూడా సుఖంగానే నడుస్తున్నారనుకుని వీధిదీపాల మాట ఎత్తేవాడు కాదు. సరే, మద్దిలేటి సంగతికి వద్దాం.

అతని కొట్టంలో, దూలాలకు కట్టి, తాతల నాటి గొర్రు ఒకటి ఉండేది. విత్తనాలు వేసే గొర్రు. దాని పైన జడ్డిగం అనే చెక్క గిన్నె ఉంటుంది. ఆడవాళ్ళు గొర్రు వెంట నడుస్తూ అందులో పిడికిలితో గింజలు వదులుతారు. అవి గిన్నె అడుగునున్న రంధ్రాల గుండా వెదురు గొట్టాల్లోకి జారి చాళ్ళలో పడతాయి. ట్రాక్టర్లు వచ్చాక ఆ గొర్రును ఎవరూ కిందికి దించలేదు.

ఒకరోజు పొరుగూరి కాశింబీ దాన్ని కొంటానని కబురు పంపింది. మద్దిలేటి దించి చూశాడు. జడ్డిగం అడుగున సన్నని పగులు కనిపించింది. వడ్రంగి వీరాచారిని పిలిపించాడు. వీరాచారి చేసిన మంచం మీద ఎవరూ రెండోసారి పడుకునేవాళ్ళు కాదు గానీ, సేద్యపు పనిముట్ల విషయంలో అతని మాట నమ్మవచ్చు.

"జొన్నలకైతే ఇబ్బంది లేదు మామా. కొర్రల్లాంటి సన్న గింజలు పోస్తే మాత్రం ఈ పగుల్లోంచి బయటికి కారిపోతాయి. ఒక పూట పని. బాగు చేయించి అమ్ము," అన్నాడు వీరాచారి.

"పిచ్చోడా, పాతది కొనేవాళ్ళు పాతదనం కోసమే కొంటారు. రోడ్డు మీది హోటల్లో బండి చక్రం గోడకు తగిలించారు, చూడలేదా? దానికి నువ్వు కొత్త చెక్క ఆకులు వేసి ఉంటే ఎవరు కొనేవాళ్ళు?" అన్నాడు మద్దిలేటి.

"ఎందుకు కొంటోందో ఆమెనే ఒక మాట అడగరాదా?" అంది భార్య ఈరమ్మ.

"అడిగితే, మనకు అమ్ముకోవాలని ఆత్రంగా ఉందనుకుంటుంది."

ఆత్రంగా ఉన్న మాట నిజమే. అతను గొర్రుకంతా ఆముదం పట్టించి తుడిచాడు. చెక్క నల్లగా నిగనిగలాడింది. పగులు కనిపించకుండా పోయింది.

తొలకరి పడిన మర్నాడు కాశింబీ ఎద్దులబండి కట్టుకుని వచ్చింది.

"మా గుట్ట చేలోకి ట్రాక్టర్ ఎక్కదన్నా. మా ఇల్లు గడిచేది ఆ చేనితోనే. వానకు తడిసిన నేల పదును ఆరకముందే కొర్రలు వేయాలి. ఇది పని చేస్తుందా?" అని అడిగింది.

మద్దిలేటి జడ్డిగం వైపు చూశాడు. వీరాచారి ఇల్లు ఆ వీధి చివరే. ఈరమ్మ గుమ్మంలో నిలబడి భర్త ముఖం చూస్తోంది.

"మా అమ్మ దీంతో ఎన్నేళ్ళు విత్తిందో లెక్క లేదు," అన్నాడు అతను.

అది అబద్ధం కాదు. ఆమె విత్తినవి జొన్నలు.

"అయితే చాలన్నా," అని కాశింబీ గొర్రును బండికెత్తుకుంది. ఆ పూట ఈరమ్మ మొగుడికి అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకుండా ఉండగలదని ఊరికి అప్పుడే తెలిసింది.

కొర్రలు పగుల్లోంచి కారి మట్టి మీద పడ్డాయి. గింజలది మట్టి రంగే కాబట్టి కాశింబీ గమనించలేదు. పిచ్చుకలు, చీమలు గమనించాయి. చేనిలో అక్కడక్కడా తప్ప మొలక రాలేదు.

కాశింబీ వచ్చి మద్దిలేటిని దులిపేస్తుందని ఎర్రవంక అంతా అరుగుల మీద కూర్చుని ఎదురుచూసింది. కొందరు కలుపు పని కూడా మానుకున్నారు. ఆమె రాలేదు. మద్దిలేటే ఆమె ఇంటికి వెళ్ళాడు.

"పగులు సంగతి నాకు ముందే తెలుసమ్మా. గొర్రును వెనక్కి తీసుకుంటాను," అన్నాడు.

"గొర్రుకేముందన్నా, బాగు చేయించుకోవచ్చు. పోయిన పదునును ఎవరితో బాగు చేయిస్తావు?" అంది ఆమె.

మద్దిలేటి మర్నాడే వీరాచారిని తీసుకొచ్చి పగులు పూడ్పించాడు. ఉలవలకు ఇంకా అదను ఉంది. తన చేనిని కలుపుకు వదిలేసి, తన ఎద్దులతో ఆమె చేనిని మళ్ళీ దున్నాడు. తన ఇంటి ఉలవలే తెచ్చాడు. ఈరమ్మ జడ్డిగంలో గింజలు వదిలింది. ఊళ్ళో ఎవరూ ఎగతాళి చేయలేదు. ఇంత చేశాక పంట రాకుండా ఎలా ఉంటుందని అందరూ అనుకున్నారు.

వాన రాలేదు. ఉలవలు మొలిచి ఎండిపోయాయి. దసరా అయ్యాక కాశింబీ ఇంటికి తాళం వేసి, పిల్లలను వెంటబెట్టుకుని పత్తి తీతకు వలస పోయింది. గొర్రు ఇప్పుడు బాగా పని చేస్తుంది.

నీతి: అమ్మే వస్తువును బాగు చేయించినా, చేయించకపోయినా, దాని లోపాన్ని కొనేవాళ్ళకు ముందే చెప్పాలి, చెప్పవలసిన రోజు దాటిపోయాక ఎంత కష్టపడినా ఆ నష్టం పూడదు.