చింతగింజల ఎన్నిక

“చదువు లేని వాళ్ల చేతికి ఓటు ఇస్తే ఇంతే కదా మాస్టారూ. ముందు చదువు చెప్పాలి. హక్కు ఆ తర్వాత ఇవ్వాలి. మన వాళ్లు తలకిందులుగా చేశారు, కాదంటారా?” అని చిదంబరం అడిగాడు.

అడిగాడు అనడం కన్నా మండిపడ్డాడు అనడం సబబు. మేఘవరం సంస్థానం రద్దయి, రాజుగారి కోట సర్కారు కచేరీగా మారి, ఊరికి కొత్తగా పురపాలక సంఘం ఏర్పడింది. దానికి మొట్టమొదటి ఎన్నిక జరిగిన మర్నాడు అది. ఇరవై నాలుగేళ్ల చిదంబరం ఆ ఊరి బడిలో కొత్తగా చేరిన పంతులు. పోలింగు పనికి పంతుళ్లనే వేశారు కాబట్టి రోజంతా గుమ్మం దగ్గర కూర్చుని తన కళ్లతో చూశాడు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. జనం బయట చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి చంకన పెట్టుకుని, గుడిలోకి వచ్చినట్టు లోపలికి వచ్చారు. పాత దివాను గారి పెట్టె ఏదో అడిగి మరీ తెలుసుకుని, దానికి దండం పెట్టి కాగితం వేశారు. శిస్తు కట్టలేదని ఆ దివాను గారే మండుటెండలో వంగదీసి, వీపు మీద రాయి పెట్టించిన రైతులు కూడా అందులోనే వేశారు.

చిదంబరానికి కడుపు మండిందంటే మండదా మరి. చదువుకునే రోజుల్లో సంస్థానానికి వ్యతిరేకంగా కోట గుమ్మం మీద జెండా ఎగరెయ్యబోయి దివాను గారి భటుల చేత చావు దెబ్బలు తిన్నవాడు. ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. ఎవరి కోసం తన్నులు తిన్నాడో వాళ్లే వరసగా వచ్చి ఆయనకే పట్టం కడుతుంటే చూస్తూ కూర్చోవలసి వచ్చింది.

బాపయ్య మాస్టారు అంతా విన్నారు. ట్రైనింగు స్కూల్లో పంతుళ్లకే పాఠాలు చెప్పిన మనిషి ఆయన. చిదంబరం ఆయన దగ్గరే చదువుకున్నాడు. చిన్న ప్రశ్న అయితే ఆయన అక్కడికక్కడే జవాబు చెప్పేవారు. పెద్ద ప్రశ్న అయితే జవాబు మానేసి ఎక్కడికో ఒకచోటికి బయలుదేరేవారు. ఆ అలవాటు శిష్యులందరికీ తెలుసు.

“రేపు మీ తరగతిలో ఏం పాఠం?” అని అడిగారు.

“రేపు పాఠం లేదు మాస్టారూ. నాయకుడి ఎన్నిక. ప్రతి తరగతిలోనూ పిల్లల చేతే ఎన్నిక జరిపించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కనీసం ఈ తరమైనా సరిగ్గా నేర్చుకుంటుంది.”

“అయితే నేనూ వస్తాను. ఓ మూల కూర్చుంటాను.”

చిదంబరం పొంగిపోయాడు. గురువుగారు తన తరగతికి రావడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం కుమ్మరి వీధికి వెళ్లి రెండు ముంతలు తెచ్చుకున్నాడు. ఒకదాని మీద సుద్దతో సూర్యుణ్ణి, ఇంకోదాని మీద చేపను గీశాడు. చింతగింజలు కడిగి ఆరబెట్టాడు.

తెల్లవారాక ఐదో తరగతిలో ఎన్నిక మహా ముచ్చటగా మొదలైంది. మాస్టారు వెనక బల్ల మీద, తమ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నాయకుడిగా ఎవరు నిలబడతారని చిదంబరం అడిగాడు. దివాను గారి మనవడు జగదీశ్వరరావు లేచి నిలుచున్నాడు. ఇన్నాళ్లూ నాయకుడు అతనే. ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ కాదనలేదు, అలా జరిగిపోతూ వచ్చింది. ఇంకెవరని అడిగేసరికి నాలుగైదు గొంతులు కలిసి “పైడమ్మండీ, పైడమ్మ” అన్నాయి.

పైడమ్మది తోళ్లపేట. ఊరి వాళ్ల చెప్పులకీ, బండెడ్ల పలుపులకీ తోళ్లు పదును చేసే వాళ్లుండే పేట అది. చెప్పులు కావాలి గానీ చెప్పులు కుట్టిన చెయ్యి తగలకూడదు మన వాళ్లకి. కొత్త ప్రభుత్వం వచ్చాక ఆ పిల్లను వరండాలోంచి గది లోపలికి రానిచ్చారు. గుమ్మం పక్కన, విడిగా ఒక చాప మీద కూర్చోబెట్టారు. పిల్లలు ఆమె పేరు ఎందుకు చెప్పారంటే కారణం చాలా చిన్నది. చెడుగుడు ఆడేటప్పుడు ఎవరు ఔటో చెప్పే పని పైడమ్మది. తన జట్టు వాడైనా సరే, ఔటైతే ఔటే అంటుంది. దివాను గారి మనవడికీ అదే తీర్పు, చాకలి సూరిగాడికీ అదే తీర్పు. నాయకుడికి ఉండవలసింది ఏమిటో ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు. వాళ్లకే తెలిసింది.

చిదంబరం ఒక్క క్షణం తటపటాయించాడు. వెనక మాస్టారు ఉన్నారు. “మంచిది. పైడమ్మది చేప, జగదీశ్‌ది సూర్యుడు” అన్నాడు.

నల్లబల్ల వెనక ముంతలు పెట్టారు. పిల్లలు ఒక్కొక్కరే గింజ గుప్పిట్లో దాచుకుని వెళ్లి, వేసి, నవ్వు ఆపుకుంటూ వచ్చారు. బల్ల మీద గుమ్మరిస్తే చేప ముంతలోంచి పడిన కుప్ప ఎంత పెద్దదంటే లెక్కపెట్టే పనే లేకపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. జగదీశ్వరరావు కూడా కొట్టాడు. సుద్దపొడి పడక దగ్గే పిల్లవాడు, నల్లబల్ల తుడిచే పని తప్పినందుకు వాడికి హాయిగానే ఉంది. చిదంబరం తలెత్తి మాస్టారి వైపు చూశాడు. ఆ చూపులో గర్వం ఉంది. ఉండవలసిందే, అప్పటికి అది అతను సంపాదించుకున్నదే.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ చెప్పే పని లేదు.

ఆ బడిలో తరగతి నాయకుడి పనులు మూడు. నల్లబల్ల తుడవాలి. పుస్తకాల బీరువా సర్దాలి. మధ్యాహ్నం గంట కొట్టాక వరండాలో ఉన్న కుండలోంచి పిల్లలకు మంచినీళ్లు పొయ్యాలి. ఈ మూడో పని చిదంబరానికి గుర్తు లేదు. పిల్లలకు గుర్తున్నా దాని గురించి బెంగపెట్టుకోలేదు. పైడమ్మకు మాత్రం ఎందుకు గుర్తుండదు? రోజూ మెట్టు కింద నిలబడి, దోసిలి పట్టి, పైనుంచి ఎవరైనా పోస్తే తాగే పిల్ల.

గంట కొట్టారు. పైడమ్మ చేతులు రెండుసార్లు కడుక్కుని, పావడాకు తుడుచుకుని, కుండ మీద మూత తీసింది. పొడుగు కాడ ఉన్న చిప్పగరిటె ముంచి తీసింది. ముందు వరసలో సూరిగాడు దోసిలి పట్టి నిలుచున్నాడు.

“దించు. దించవే దాన్ని.”

హెడ్మాస్టరు తిరువేంగళం గారు తన గదిలోంచి అరిచిన అరుపు అది. పైడమ్మ గరిటెను కింద పెట్టలేదు, కుండలో వెయ్యలేదు. ఏం చెయ్యాలో తెలియక నీళ్లతో అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆయన వచ్చి ఆ పిల్లను తాకకుండా, పక్కకు పొమ్మని వేలితో చూపించారు. బంట్రోతును పిలిచి కుండ పారబోయించారు. ఎండాకాలం, ఊళ్లో బావులు అడుగంటిన రోజులు. దాహంతో వరసగా నిలుచున్న పిల్లల ముందు కుండెడు మంచినీళ్లు మట్టిపాలు చేశారు. అంత దారుణం జరుగుతుంటే అక్కడున్న పెద్దవాళ్లలో ఒక్కరి నోరూ పెగల్లేదు.

తర్వాత హెడ్మాస్టరు చిదంబరాన్ని వరండా చివరికి తీసుకువెళ్లారు. ఆయన గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ.

“బుద్ధుండే చేశావటయ్యా? రేపు సగం మంది తల్లిదండ్రులు పిల్లల్ని మానిపించేస్తారు. దివాను గారు మొన్ననే గెలిచారు. ఇకమీదట బడి కమిటీకి ఆయనే అధ్యక్షులు. ఆయన మనవణ్ణి తోళ్లపేట పిల్ల చేతిలో ఓడించామని కబురు పంపమంటావా?”

“పిల్లలే ఎన్నుకున్నారండీ” అన్నాడు చిదంబరం.

“పిల్లలకేం తెలుసు? చదువా సంధ్యా? వాళ్లకి అర్థం కాలేదని చెప్పి మళ్లీ పెట్టు. సరిగ్గా వచ్చేదాకా పెట్టు. నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదన్న సంగతి నేను గుర్తు చెయ్యాలా?”

చిదంబరానికి ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో తల్లి, చదువుకునే తమ్ముళ్లిద్దరు. జీతం తన ఒక్కడిదే. ఇంతకుముందు దెబ్బలు తిన్ననాడు వీపు తన ఒక్కడిదే, ఇప్పుడలా కాదు. అన్నీ నిజాలే. ఆ నిజాలన్నీ కూడగట్టుకుని, గదిలోకి వెళ్లి, మాస్టారి వైపు చూడకుండా నల్లబల్ల పక్కన నిలబడ్డాడు.

“ఇందాక ఎన్నికలో చిన్న పొరపాటు జరిగింది. నాయకుడంటే ఏమిటో మీకు సరిగ్గా అర్థమైనట్టు లేదు. మళ్లీ వేద్దాం. ఈసారి బాగా ఆలోచించి వెయ్యండి.”

“ఇందాకా ఆలోచించే ఏసామండి” అన్నాడు సూరిగాడు.

చిదంబరం బెత్తం తీసి బల్ల మీద ఒక్కటి కొట్టాడు. ఎవరి మీదా పడలేదు ఆ దెబ్బ. అయినా తరగతి తరగతంతా మెడ లోపలికి లాక్కుంది. అన్యాయానికి ఎదురు నిలిచి విరగ్గొట్టుకున్న చెయ్యి కాదు బెత్తం పట్టింది, రెండో చెయ్యి. అదొక్కటే తేడా.

గింజలు మళ్లీ పంచారు. ఈసారి ఎవరూ గుప్పిలి ముయ్యలేదు. అరచేతిలో అందరికీ కనిపించేలా పట్టుకుని వెళ్లారు. నల్లబల్లను పక్కకు జరపమని ఎవరూ చెప్పకపోయినా, వెళ్లినవాడల్లా కాస్త కాస్త జరిపి, తను ఏ ముంతలో వేస్తున్నాడో పంతులు గారికి కనిపించేలా నిలబడ్డాడు. ఒక పిల్లవాడు సూర్యుడి ముంతకు దండం పెట్టాడు. దండం పెట్టమని వాడికెవరు నేర్పారో? చివర్న పైడమ్మ లేచింది. చాప మీద నుంచి నల్లబల్ల దాకా నడిచి వచ్చి, చిదంబరం మొహంలోకి ఒకసారి చూసి, తన గింజ కూడా సూర్యుడి ముంతలోనే వేసింది. చేప ముంత వంచితే సుద్దపొడి తప్ప ఏమీ రాల్లేదు.

జగదీశ్వరరావు తల దించుకుని నల్లబల్ల తుడవడానికి లేచాడు. ఈసారి చప్పట్లు కొట్టమని చిదంబరం చెప్పవలసి వచ్చింది. చెప్పాక అందరూ ఒకేసారి కొట్టారు, ఒకేసారి ఆపారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న హెడ్మాస్టరు గారు “ఆఁ, ఇదీ క్రమశిక్షణంటే” అని మెచ్చుకుని వెళ్లిపోయారు.

అప్పుడు బాపయ్య మాస్టారు లేచి ముందుకు వచ్చారు. పొద్దుటి నుంచి ఆయన నోరు విప్పడం అదే. సూరిగాడి ముందు ఆగి, వంగి, “బాబూ, ఇందాక మొదటిసారి ఎందుకు తప్పు వచ్చిందంటావు?” అని అడిగారు.

సూరిగాడు చిదంబరం వైపు చూశాడు. బెత్తం వైపు చూశాడు. ఇది పరీక్ష అనుకున్నాడు, సరైన జవాబు చెప్పాలనుకున్నాడు. చేతులు కట్టుకుని స్పష్టంగా చెప్పాడు.

“ఎవరికెయ్యాలో మాకు ముందే చెప్పలేదండి. చెప్పుంటే ఒక్కసారికే అయిపోయేది.”

తరగతిలో ఎవరూ నవ్వలేదు. అందరూ అవునన్నట్టు తల ఊపారు. పైడమ్మ కూడా ఊపింది.

మాస్టారు సూరిగాడి తల నిమిరి, చెప్పులు వేసుకుని బయటికి నడిచారు. చిదంబరం వెనకాలే గేటు దాకా పరుగెత్తాడు. వరండాలో బంట్రోతు కొత్త కుండ పెడుతున్నాడు. పారబోసిన నీళ్లు మట్టిలోకి ఇంకిపోయి, తడి మరక ఒక్కటే మిగిలింది. చిదంబరం మాస్టారికి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు.

“నన్నేం చెయ్యమంటారు మాస్టారూ. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంటిల్లిపాదీ నా మీదే ఆధారపడి ఉన్నారు. ఆయనకు ఎదురు నిలిచి ఈ ఊళ్లో ఎలా బతకమంటారు?”

ఆ మాటలు నోట్లోంచి వచ్చాక, మొన్న గుమ్మంలో చెప్పులు విడిచి వచ్చిన రైతులు ఒక్కొక్కరే అతని కళ్ల ముందుకు వచ్చారు. వాళ్లెవరూ అతనికి సంజాయిషీ చెప్పుకోలేదు. అడిగి ఉంటే వాళ్లూ ఇంచుమించు ఈ మాటలే చెప్పేవారేమో. చిదంబరం తల దించుకున్నాడు.

మాస్టారి మొహంలో కోపం ఉంది. అది ఎవరి మీదో ఆయన చెప్పలేదు. గేటు అవతలికి వెళ్లాక వెనక్కి తిరిగారు.

“ఆ పిల్లలకి మొదటిసారి వేసినప్పుడు చదువు లేదోయ్, చిదంబరం. రెండోసారికి వచ్చింది.”