మాడు మీద రెండు చుక్కలు

నరసాపురం దగ్గర లేసు అల్లుకునే మంగతాయారు మంచి మనిషే గానీ, తప్పు ఒప్పుకోవడం కంటే దాచెయ్యడమే మేలనుకునేది. చర్మం బిగిసిపోయే జబ్బు ఆమెను పట్టి నాలుగేళ్ళయింది. వేళ్ళ కొసల్లో పుండ్లు పడి, రెండేళ్ళైనా మానలేదు. చూపుడువేలు తీసెయ్యాల్సి రావచ్చని డాక్టరు చెప్పిన రోజు ఆమె అన్నం ముట్టలేదు. ఆ వేలు పోతే సూది పట్టేదెలా?

ఆఖరి ప్రయత్నంగా ఆక్సిజన్ వైద్యం మొదలుపెట్టారు. మనిషిని పెద్ద గాజు గొట్టంలో పడుకోబెట్టి, తలుపు బిగించి, లోపల ఒత్తిడి పెంచి ఆక్సిజన్ నింపుతారు. తలకి నూనె, ఒంటికి క్రీము రాసుకున్నారా, దగ్గర అగ్గిపెట్టె ఉందా అని టెక్నీషియన్ ఎస్తేరు రోజూ అడిగేది. ఆ గాలిలో నిప్పురవ్వ పుడితే నూనె భగ్గుమంటుందని మొదటిరోజే చెప్పింది.

ఏడో రోజు శుక్రవారం వచ్చింది. మైల పట్టినవాళ్ళలా తల ఎండగట్టుకుని తిరగడం మంగతాయారుకి అపశకునంగా తోచింది. మాడు మీద రెండు చుక్కల కొబ్బరినూనె అద్దుకుని, పైన ఆస్పత్రి నూలు టోపీ పెట్టేసుకుంది. ఎస్తేరు అడిగితే లేదని తలూపింది. రెండు చుక్కలకే కొంప మునుగుతుందా అనుకుంది, ఏం తెలివో!

తలుపు బిగిసింది. చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. ఒళ్ళు వెచ్చబడేసరికి టోపీ కింద నుంచి నూనె నుదుటి మీదికి జారింది. అప్పుడు గుర్తొచ్చింది ఎస్తేరు మాట. కదిలితే రవ్వ పుడుతుందేమోనని కొయ్యబారిపోయింది. చెబితే వైద్యం ఆపేస్తారు, వేలు పోతుంది. చెప్పకపోతే ఈ గొట్టంలోనే కాలిపోతానేమో అనుకుంది. ఆమెకి ఏడుపు ఆగలేదు.

"ఎస్తేరమ్మా, నీకు అబద్ధం చెప్పాను. తలకి నూనె రాసుకున్నాను."

లోపలి మాట మైకులో బయటికి వినిపిస్తుంది. గాజు అవతల ఎస్తేరు మొహం పాలిపోయింది, గొంతు మాత్రం తొణకలేదు.

"కదలకండి పిన్నిగారూ, తల ముట్టుకోకండి. ఒత్తిడి మెల్లగా దించితేనే తలుపు తియ్యగలను. నేనిక్కడే ఉన్నాను."

ఆ పది నిమిషాల్లో మంగతాయారు మొక్కని దేవుడు లేడు. తలుపు తెరుచుకున్నాక ఎస్తేరు పక్కనే కూలబడింది. తిడుతుందనుకుంటే, టోపీ తీసి చూడకపోవడం తన తప్పు కూడానంది.

మర్నాడు కుంకుడుకాయతో తలంటుకుని వస్తే వైద్యం మళ్ళీ సాగింది. నెల తిరిగేసరికి పుండు పూడడం మొదలైంది. వేలు నిలిచింది.

వైద్యం చేసేవాళ్ళ దగ్గర దాచిన చిన్న నిజం ప్రాణానికే గండం తెస్తుంది. ఎంత భయమేసినా నోరు విప్పి చెప్పాలి.