గోడకు వీపు పెట్టి

పైడిరాజు చూడని సినిమా ఈ భూమ్మీద లేదు.

ఈ మాట అన్నది పైడిరాజే. కొండ మీది బౌద్ధ ఆరామంలో, గురువుగారైన భిక్షువు భంతే సుమేధ ఎదుట బాసింపట్టు వేసుక్కూర్చుని మరీ అన్నాడు. అన్నాక కొంచెం సర్దుకున్నాడు.

"అంటే భంతే, మూకీలు కొన్ని వదిలేశాను. నలుపు తెలుపువి కూడా మరీ అన్నీ కాదనుకోండి. పక్క భాషలవి డబ్బింగ్ అయితేనే. ఇక పాటలొచ్చినప్పుడు..."

"ఆఁ, పాటలొచ్చినప్పుడు?"

"టీకి వెళ్తాను."

భంతే గంభీరంగా తలూపాడు. "పోనీలే నాయనా. భూమి కూడా చాలావరకు నీళ్ళే కదా."

నిజానికి పైడిరాజు ఆ రోజు కొండెక్కింది సినిమాల గొప్ప చెప్పుకోడానికి కాదు. వాడికో బాధ ఉంది. గొప్ప ముందు చెబితే బాధ చెప్పడం తేలికవుతుందని వాడి లెక్క.

పైడిరాజుది విశాఖపట్నంలో సినిమాల మీద తీర్పులు చెప్పే పని. పొద్దుటి ఆట వదిలీ వదలగానే, జనం ఇంకా పార్కింగులో బండి ఎక్కడ పెట్టామా అని వెతుక్కుంటుండగానే, వాడు ఫోను ముందు నిలబడి అయిదుకి ఎన్ని చుక్కలో చెప్పేస్తాడు. వాడి మాట కోసం కాచుకునేవాళ్ళు బోలెడంత మంది. సెలవు రోజుల్లో మాత్రం బస్సెక్కి భీమిలి దాటి, సముద్రం పక్కన కొండ మీదున్న ఈ చిన్న ఆరామానికి వస్తాడు, భంతే దగ్గర ఊరికే కూర్చోవడం నేర్చుకోడానికి. ఊరికే కూర్చోవడమొక్కటే వాడికి ఇంకా పట్టుబడని విద్య. కాసేపవగానే మోకాలు దురద పెడుతుంది. మోకాలు ఊరుకుంటే ముక్కు.

"మా చెల్లి నాతో మాట్లాడటం లేదు భంతే," అన్నాడు చివరికి.

చెల్లెలి పేరు నూకరత్నం. కొండ కింద గవ్వలపేటలో వీళ్ళిద్దర్నీ పెంచి పెద్దచేసిన పెద్దమ్మ అప్పలకొండ మీద ఆ పిల్ల ఓ డాక్యుమెంటరీ తీసింది. పెద్దమ్మ చేపలు ఉప్పేసి ఎండబెట్టి అమ్ముతుంది. ఎండాకాలమంతా కెమెరా భుజానేసుకుని ఆవిడ వెంట ఇసకలో తిరిగి తీసిన బొమ్మ అది. ఇంకెవరికీ చూపకముందే అన్నకు పంపింది. "బావుందో లేదో వద్దన్నా. నీకేమనిపించిందో చెప్పు చాలు," అంది.

పైడిరాజు మర్నాడే గొంతు రికార్డు చేసి పంపాడు. "కాన్సెప్టు పరవాలేదు. నడక నెమ్మది. మధ్యలో ఒకచోట బొత్తిగా ఏమీ జరగదు, అది లేపెయ్. అయిదుకి రెండున్నర." ప్రేమ ఆపుకోలేక ఇంకో ముక్క కూడా చేర్చాడు. "చెల్లెలివని అర కలిపాను."

"సరేలే అన్నా," అని జవాబొచ్చింది. ఆ తరవాత ఫోను లేదు, పలుకు లేదు. మొన్న పెద్దమ్మే చేసింది. "ఏట్రా, పిల్ల ఆ బొమ్మ ఎవులికీ సూపించనంతాది! మొత్తం సెరిపేస్తానంతాది! నువ్వేటన్నావురా దాన్ని?"

"ఉన్నమాటే అన్నాను భంతే," అన్నాడు పైడిరాజు. "అబద్ధం ఆడకూడదని మీరే కదా నేర్పారు?"

"నీకేమనిపించింది?"

"అదే చెప్పాను కదండీ, నడక నెమ్మదిగా..."

"నడక సంగతి సరే. నీకు?"

పైడిరాజు నోరు తెరిచాడు. నోట్లోకి స్క్రీన్‌ప్లే వచ్చింది, ఎడిటింగ్ వచ్చింది, నేపథ్య సంగీతం కూడా వచ్చింది. నాకు అని మొదలయ్యే మాటొక్కటీ రాలేదు.

భంతే సముద్రం వైపు తిరిగాడు. "రేపు అమావాస్య," అన్నాడు. "మా గోడ మీద వెయ్యడానికి ఊళ్ళోవాళ్ళు ఈసారి సినిమా ఏదీ అనుకోలేదట. చెల్లెల్ని ఆ బొమ్మ పట్టుకుని రమ్మను. చెరిపేదేదో మా గోడకొకసారి చూపించి చెరుపుకోమను."

ఆ గోడ సంగతి గవ్వలపేటలో అందరికీ తెలుసు. గవ్వలపేట సినిమా షెడ్డు కప్పు గాలివానకు ఎగిరి సముద్రంలో పడ్డాక, ఊళ్ళోవాళ్ళు కొండెక్కి ఆరామం భోజనశాల తెల్లగోడ అడిగారు. చంద్రుడుంటే బొమ్మ పలచబడుతుంది కనుక అమావాస్య సాయంత్రాలకే. "గోడ మీదే, వాడుకోండి," అన్నాడు భంతే. "కళ్ళు మాత్రం అడక్కండి." ఆటలూ తమాషాలూ చూడనని ఆయనకు వ్రతం. అలాగని ఇంటికొచ్చిన వాళ్ళను బయట కూర్చోబెట్టి లోపలికి పోయి తలుపేసుకోవడమూ ఆయనకు చేతకాదు. అందుకని గోడ మొదట్లో చాప పరుచుకుని, గోడకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి కూర్చుంటాడు. సినిమా ఆయన తల మీదుగా పోతుంది. ఆయన జనాన్ని చూస్తుంటాడు.

దాని మీద ఊళ్ళో ఆయన్ను ఆటపట్టించేవాళ్ళూ ఉన్నారు. "భంతే, నిన్నటి బొమ్మలో దుర్మార్గుడెవులో సెప్పుకోండి సూద్దాం?"

"నలుగురు నవ్వుతుండగా మధ్యలో వచ్చినవాడు. వాడు రాగానే మీరందరూ కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నారు."

ఆ కబురు పైడిరాజు పెద్దమ్మ చేత చెల్లెలికి చెప్పించాడు. మర్నాడు పొద్దు వాలుతుండగా జనం మెట్లెక్కి వచ్చారు. పెద్దమ్మ అప్పలకొండ గళ్ళచీర కట్టి, మెట్టుకొకసారి ఆగి, మోకాళ్ళను తిట్టుకుంటూ ఎక్కింది.

"ఓలప్పలకొండా! నా సేతి మీదో సంతకమెట్టియే," అంది వెనకనుంచి ఎవరో.

"ముందు నా సెయ్యట్టుకుని ఎక్కించండే. ఈరోయిన్ని దొర్లిపోతే బొమ్మేటి సూస్తారు?"

నూకరత్నం ప్రొజెక్టరు బల్ల దగ్గర తీగలు కలుపుతోంది. పైడిరాజు వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"వచ్చావా?"

"భంతే రమ్మన్నారు, వచ్చాను."

"కోపమా?"

"అయిదుకి రెండున్నర," అంది ఆ పిల్ల, తీగ మీంచి తలెత్తకుండా.

ఇంక అక్కడ నిలబడి లాభం లేదని పైడిరాజు ముందు వరసలో చోటు చూసుకుంటున్నాడు. ఇంతలో భంతే తన చాప మీద అరచేత్తో తట్టాడు. "ఇటు రా."

"అక్కణ్ణుంచి ఏం కనిపిస్తుంది భంతే?"

"నువ్వు చూసేసిన బొమ్మే కదా నాయనా. అక్కడ మాత్రం నీకేం పని?"

పైడిరాజు వచ్చి గోడకు వీపు పెట్టాడు. పగలంతా తాగిన ఎండను గోడ ఇంకా దాచుకునే ఉంది. వీపుకు వెచ్చగా తగిలింది.

దీపాలార్పారు. తల మీదుగా వెలుతురు దారం ఒకటి సాగింది. ఎదుట చీకట్లోంచి మొహాలు ఒక్కొక్కటే తేలాయి, నీళ్ళ అడుగునుంచి పైకొస్తున్నట్టు. వాటి కింద ఒళ్ళు లేవు. వాటి వెనక కొండ లేదు. ఇంకా వెనక, కింద, కనపడని సముద్రం ఉంది. వీపు వెనక గోడలోనూ సముద్రమే మోగుతోంది. కాసేపటికి ఏ అల ఏ సముద్రానిదో పోల్చుకోవడం కుదరలేదు.

గోడ మీద తెల్లవారింది కాబోలు, మొహాలన్నీ తెల్లవారాయి. మబ్బు కమ్మినట్టుంది, అన్నీ ఒకేసారి మసకబారాయి. మళ్ళీ ఎండెక్కింది. ఆ సాయంత్రం ఒక్కటే అయినా ఆ మొహాల మీద ఎన్నో పొద్దులు వచ్చి పోతున్నాయి. పైడిరాజుకు తను మేలుకునే ఉన్నాడా అని అనుమానమొచ్చి తొడ గిల్లుకున్నాడు. మేలుకునే ఉన్నాడు.

గోడలోంచి పెద్దమ్మ గొంతు ఎవర్నో ఉప్పు తక్కువేసినందుకు ఏకిపారేసింది. జనం ఘొల్లుమన్నారు. జనం మధ్య కూర్చున్న అసలు పెద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఆ గయ్యాళిని తనెప్పుడూ ఎరగనట్టు నవ్వింది.

తరవాత మాటలాగిపోయాయి. ఒట్టి సముద్రం. పైడిరాజు తరవాతి ముక్క కోసం కాచుకున్నాడు. రాలేదు. ఇంకాస్త కాచుకున్నాడు. అలలే తప్ప ఏమీ రాలేదు. ఇది ఏ ఘట్టం? గుర్తు తెచ్చుకోబోయాడు. అందలేదు.

ఎదుట మాత్రం ఏదో జరుగుతోంది. నవ్విన నోళ్ళు నెమ్మదిగా మూతపడ్డాయి. ఓ లావుపాటాయన గడ్డం, తాడు కట్టి ఎవరో లాగుతున్నట్టు, అంగుళం అంగుళం పైకి లేచింది. ఓ ముసలాయన కళ్ళు మూసుకున్నాడు గానీ నిద్రపోలేదు. పెదవుల చివర చిన్న నవ్వు అలాగే నిలిచి ఉంది. ఒకావిడ చెయ్యి తనంతట తను గాల్లోకి లేచి, దేన్నో అదిలించినట్టు ఊగి, ఒళ్ళో వాలిపోయింది. కాసేపటికి ఇంకో చెయ్యి. ఆ చేతులు లేచిన సంగతి ఆ మనుషులకే తెలీదు. పెద్దమ్మ కుడిచెయ్యి ఒళ్ళో గుప్పిటగా ముడుచుకుని, లేని కర్రనొకదాన్ని అటూ ఇటూ తిప్పుతోంది.

అందరి ఊపిరీ ఒకటైపోయింది. అల వస్తే లోపలికి, అల పోతే బయటికి. ఎప్పుడు కలిసిందో, పైడిరాజు ఊపిరీ అందులోనే ఉంది. మోకాలు దురద పెట్టలేదు. ముక్కూ పెట్టలేదు.

"భంతే," అన్నాడు గుసగుసగా. "ఇప్పుడు గోడ మీద ఏముంది?"

భంతే తల తిప్పలేదు. "నన్నడుగుతావేం నాయనా? నేను చూసినవాణ్ణి కాదు. చూసినవాడివి నువ్వు."

పైడిరాజు మెడ వెనక్కి తిరగబోయింది. సగం తిరిగి ఆగింది. ప్రొజెక్టరు బల్ల పక్కన, వెలుతురు అంచున నూకరత్నం నిలబడి ఉంది. ఆ పిల్ల గోడను చూడటం లేదు. వాణ్ణే చూస్తోంది. ఎంతసేపటినుంచి చూస్తోందో. చిన్నప్పుడు గుప్పిట మూసి వాడి ముక్కు కింద పెట్టి, లోపలేముందో చెప్పమని నిలబడేది. ఆ మొహమే అది. పందెం గెలవాలని కాదు, వాడు చెప్పగలిగితే బావుణ్ణని ఉండే మొహం.

ఇక మెడ తిప్పడానికి వాడికి ధైర్యం చాల్లేదు.

బొమ్మ అయిపోయింది. చప్పట్లు లేవు. కొంతసేపు ఎవరూ లేవలేదు కూడా. అప్పుడు చీకట్లోంచి ఓ గొంతు, "ఓలమ్మా, కాకులు నా నెత్తళ్ళ సేపలే ఎత్తుకుపోతన్నాయనుకున్నాన్రోయ్!" అంది. అందరూ ఒక్కసారి నవ్వారు.

"సేపలకి కాపలా నానంతసేపు అలాగ కూకుంతానేటే?" అంటోంది పెద్దమ్మ, ఎవరి భుజమో పట్టుకుని లేస్తూ. "ఎప్పుడూ సూసుకోనేదు." దారిలో ఆగి రత్నం బుగ్గలు రెండూ అరచేతుల్లో నొక్కింది. ఏమీ అనలేదు. అనకుండా పెద్దమ్మ ఉండటం గవ్వలపేటలో ఎవరూ చూసి ఎరగరు.

టార్చిలైట్లు మెట్ల మీద గుంపుగా దిగిపోయాయి. ఆరామం ముందు ముగ్గురు మిగిలారు.

"చెరిపేస్తావా?" అన్నాడు పైడిరాజు.

రత్నం లాప్‌టాప్ వాడి వైపు తిప్పింది. "నువ్వు చెప్పన్నా. ఏమీ జరగని చోటు లేపెయ్యమన్నావు కదా. ఎక్కడ మొదలో ఎక్కడ చివరో వేలు పెట్టి చూపించు. నువ్వన్నది ఉన్నమాటే అయితే చెరపను, అంతవరకు కోసేసుకుంటాను." లాప్‌టాప్ ఇంకా దగ్గరికి జరిపింది. "చూపించు. అన్ని సినిమాలు చూసినవాడివి. ఊరికే అనవు కదా."

తెర మీద సముద్రం కదలకుండా నిలబడి ఉంది. పైడిరాజు వేలు దాని దాకా వెళ్ళి, గాల్లో ఆగింది. సాయం కోసం భంతే వైపు చూశాడు. ఆయన చాప చుట్టుకుంటున్నాడు. చాప చుట్టడానికి అంత శ్రద్ధ అక్కర్లేదు.

"నేనా చోటు చూళ్ళేదే," అన్నాడు పైడిరాజు.

"ఇవాళ వీపు పెట్టావు, చూళ్ళేదు. నే పంపినప్పుడు చూశావు కదా?"

పైడిరాజు వేలు వెనక్కి తీసుకున్నాడు.

"అప్పుడూ చూళ్ళేదు. రెట్టింపు స్పీడులో పెట్టాను." ఆగాడు. ఇంకా ఉంది, బయటికి రావాలి. "పళ్ళు తోముకుంటూ."

రత్నం లాప్‌టాప్ మూసింది. ఏడుస్తుందో నవ్వుతుందో తనకే తెలీనట్టుంది.

"నాదొక్కటేనా అన్నా?"

చాప చుట్టడం ఆగింది.

"అన్నీ," అన్నాడు పైడిరాజు. "హాల్లోనైతే ఫోను చూసుకుంటూ."