పుంజో పెట్టో రాజుగారే చెప్పాలి

ఒకానొక రాజ్యంలో రాజుగారికి రాని విద్య లేదు. ఎవరు చెప్పారంటే, రాజుగారే చెప్పారు.

ఆయన పేరు జగన్మల్లుడు. మనసు మంచిది. ఆకలని వచ్చినవాణ్ణి ఉత్త కడుపుతో పంపిన రోజు లేదు. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆ నాలుగో కాలు చూపించే ధైర్యం సభలో ఎవరికీ లేదు.

ఆ ఏడు ఆయన మనసు కోడిపందేల మీదికి మళ్లింది. కోటలో పుంజులసాల ఒకటి కట్టించాడు. ఎవరి పెరట్లో కోడి పిల్లల్ని పొదిగినా, పుంజుపిల్లల్ని ఆ రోజే సాలకు చేర్చాలని ఉత్తరువు వేశాడు. తల్లి రెక్క కింద పెరిగితే పుంజుకు పిరికితనం అబ్బుతుందని ఆయన సిద్ధాంతం.

అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్ల పుంజో పెట్టో తెలిసేదెలా? ఆ విద్యా రాజుగారికే వచ్చు. పిల్లను కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసేవాడు. తన్నుకుంటే పుంజు, ఊరుకుంటే పెట్ట. అంతే, తీర్పు అయిపోయినట్టే.

రాజుగారిని పెంచిన దాది పేరమ్మ అంతఃపురం వెనక పెరట్లో కాపురముండేది. కొత్తగా కాపురానికి వచ్చిననాడు పుట్టింటి నుంచి గంపలో ఒక నల్లపెట్టను తెచ్చుకుంది. పుట్టింటివాళ్లంతా ఎప్పుడో పోయారు కానీ ఆ పెట్ట సంతతి మాత్రం పెరడంతా తిరుగుతుండేది. ఆ ఏడు తెగులు వచ్చి కోళ్లన్నీ పోయాయి. ఒకే ఒక్క ముసలిపెట్ట మిగిలి, ఎలాగో ఆఖరి పొదుగు పొదిగి గుప్పెడు పిల్లల్ని చేసింది. వాటిలో పెట్టలు దక్కితేనే ఆ సంతతి నిలిచేది.

భటులు వచ్చి తెల్లవారుజామునే ఆ పిల్లల్ని తల్లి కిందనుంచి లాగి, సభకు పట్టుకుపోయారు. చలికాలం. మేత ముట్టని పిల్లలు. రాజుగారు ఒక్కొక్కదాన్నే కాళ్లు పట్టి ఎత్తితే ప్రతిదీ గిలగిలా తన్నుకుంది.

"అన్నీ పుంజులే" అన్నాడు రాజు సంబరంగా. "దాదమ్మా, నీ కోడి మన సాలకు వీరుల్ని కన్నది."

"ఒక్కటైనా పెట్ట ఉండదా నాయనా?" అంది పేరమ్మ.

"నా చెయ్యి ఇంతవరకు తప్పు చెప్పలేదు" అన్నాడు రాజు. నీ ముసలితనం చూసి చెబుతున్నా, ఈ సాయంత్రం వరకు వాటిని నీ దగ్గరే ఉంచుకో, పొద్దు గుంకేవేళకు భటుడు వస్తాడని ఆమెకు కొంత గడువు కూడా ఇచ్చాడు. ఇచ్చినందుకు తన దయకు తానే మురిసిపోయాడు.

సభలో మాచన అనే కవి ఉన్నాడు. పద్యాలు చెప్పినందుకు కాక, నోరు ఊరుకోనందుకు అతన్ని రాజు దగ్గర పెట్టుకున్నాడు. మాచన పేరమ్మ వెనకాలే పెరట్లోకి వెళ్లాడు. ఆమె గడప మీద కూచుని కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"ఏడిస్తే పిల్లలు పెట్టలవుతాయా పెద్దమ్మా? నూకలున్నాయా ఇంట్లో?"

"నీకెందుకయ్యా నూకలు?"

"నాక్కాదు, నీ మనవలకి. కడుపారా పెట్టు. ఎండలో తల్లి రెక్కల కింద పడుకోనీ. మధ్యాహ్నం వచ్చి ఒకసారి అడిగి తీసుకెళతాను."

మధ్యాహ్నం రాజుగారు భోజనం చేసి తాంబూలం వేసుకుంటున్నాడు. మాచన కొత్త గంప ఒకటి మీద గుడ్డ కప్పి తెచ్చాడు.

"ప్రభూ, ఇంకో గంపెడు పిల్లలు. పుంజో పెట్టో తమరు తప్ప చెప్పేవాళ్లు లేరు."

రాజుగారు పొంగిపోయి ఒకదాన్ని ఎత్తాడు. పొట్ట నిండా మేత ఉన్న పిల్ల, వెచ్చగా నిద్రపోతున్నది, మెడ వేలాడేసి ఊరుకుంది. రెండోదీ అంతే. అన్నీ అంతే.

"అన్నీ పెట్టలే. ఇవి సాలకేం పనికొస్తాయి? ఎవరికైనా ఇచ్చెయ్యి."

"దాదిగారికి పెట్టలు లేవని బెంగగా ఉంది. ఆమెకిమ్మంటారా?"

"తప్పకుండా ఇవ్వు. నా ఉత్తరువని చెప్పు."

మాచన గంపెత్తుకుని చక్కా పోయాడు.

పొద్దు గుంకింది. సాల భటుడు ఉత్త చేతులతో సభకు తిరిగి వచ్చాడు. పేరమ్మ కూడా వెనకే వచ్చి ఓ స్తంభం పక్కన నిలబడింది.

"పుంజులేవిరా?" అన్నాడు రాజు.

"అవన్నీ పెట్టలని మహారాజుగారే మధ్యాహ్నం ఉత్తరువిచ్చారటండి" అన్నాడు భటుడు, నేల చూపులు చూస్తూ.

రాజు మాచన వైపు తిరిగాడు. "పొద్దుటి పిల్లల్నే మళ్లీ తెచ్చావా? నన్నే మోసం చేశావా?"

"ఎంతమాట ప్రభూ. పొద్దున తమరు పుంజులన్నారు, నమ్మాను. మధ్యాహ్నం పెట్టలన్నారు, అదీ నమ్మాను. నేను మాట తప్పలేదు, తమరూ తప్పలేదు. ఆ పిల్లలే తప్పాయి."

రాజు చెయ్యి మీసం మీదికి పోయింది.

"పొద్దున ఆకలికీ చలికీ తన్నుకున్నాయి" అన్నాడు మాచన నెమ్మదిగా. "మధ్యాహ్నం నూకలు తిని కునికాయి. ఆ లెక్కన మా ఆవిడ పప్పూ నెయ్యీ వడ్డించాక నన్ను కాళ్లు పట్టి వేలాడదీస్తే నేనూ పెట్టనే. తమరి సంగతి నేను చెప్పను. భోజనమయ్యాక తమరు సభకు రారు కదా."

రాజుకు నవ్వు వచ్చింది కానీ మీసం కింద దాచుకున్నాడు. పేరమ్మను పిలిచాడు. "దాదమ్మా, ఇన్నేళ్లు కోళ్లు పెంచావు. నీకెలా తెలుస్తుంది?"

"నాకేం తెలుసు నాయనా. నిన్ను ఒళ్లో వేసుకున్ననాడు ఇంతటివాడివవుతావని తెలుసా? పెంచాను, పెరిగావు, తెలిసింది. వాటినీ అంతే, పెరగనిస్తే తెలుస్తుంది."

ఆ మాటకు రాజు మనసు కరిగిపోయింది. సింహాసనం దిగి, దాది చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిచాడు. సభంతా వెనకాల కదిలింది. ముసలిపెట్ట పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని మూల కూచుని ఉంది. రాజు వంగి, ఒక పిల్ల తల నిమరబోయాడు.

పెట్ట ఈకలు నిక్కబొడుచుకుని ఎగిరి రాజుగారి చేతిని పొడిచింది. ఆయన వెనక్కి గెంతితే కిరీటం కుడితితొట్లో పడింది. అయినా వదలక పెరడు చివరిదాకా తరిమింది.

మాచన కిరీటం తీసి ఉత్తరీయంతో తుడుస్తూ అన్నాడు: "ప్రభూ, దీన్నోసారి కాళ్లు పట్టి వేలాడదీసి చూస్తారా? సాలకు పనికొచ్చేలా ఉంది."

గోడకు ఆనుకుని ఆయాసపడుతున్న రాజు ఇక ఆపుకోలేకపోయాడు. కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు. సభా నవ్వింది. రాజు తన భుజాన ఉన్న జరీశాలువా తీసి మాచనకు కప్పాడు. రాజ్యంలో ఏ పిల్లనూ తల్లి రెక్క కిందనుంచి తీయరాదని అక్కడే నిలబడి కొత్త ఉత్తరువిచ్చాడు.

పేరమ్మ మాత్రం ఆ ఉత్తరువు వినిపించుకోలేదు. రాజుగారి వేలికి పసుపద్దుతూ, ఇంత పెద్దవాడివయ్యావు, పిల్లలకోడి దగ్గరకు చెయ్యి పెట్టకూడదని తెలీదా అని కేకలేస్తోంది.