సగం దాచని బావురుపిల్లి

అనగనగా ఒక అడవిలో ఒక ఎర్రమట్టి గుట్ట. గుట్ట మీద రేసుకుక్కలనే అడవికుక్కల దండు, గుట్ట కింద వాగొడ్డు తుంగగడ్డిలో బావురుపిల్లులు కాపురం ఉండేవి. ఎవరి వేట వారిది, ఎవరి గోల వారిది.

రేసుకుక్కలకు ఒక అలవాటు ఉంది. నవ్వకండి మరి. దారులు కలిసేచోట ఒక బండ ఉండేది. కుక్కలన్నీ దొడ్డికి వెళ్ళేది దాని పక్కనే. తెల్లారగానే అక్కడ చేరి వాసన చూసుకునేవి. ఎవరేం తిన్నారో, ఎవరికి ఒంట్లో బాగాలేదో, అన్నీ ముక్కుకే తెలిసిపోయేవి. తాతయ్యకు పొద్దున్నే పేపరు ఎలాగో, వాటికి ఆ బండ అలాగ.

ఒక ఏడు గుట్ట మీదికి మాయదారి జబ్బు వచ్చింది. కూనలు తిన్నదంతా కక్కుకునేవి. నెత్తురు విరేచనాలు పట్టుకునేవి. చూస్తుండగానే నీరసించి కన్నుమూసేవి. కెంపి అనే తల్లికి అలా రెండు కూనలు పోయాయి. ఒక్కటే మిగిలింది. దాన్ని కడుపు కింద దాచుకుని కెంపి బొరియలోనే కూర్చుంది.

దండుపెద్ద గండప్ప అందరినీ పిలిచాడు. "ఇలాంటి జబ్బు ఇదివరకు పిల్లులకు వచ్చేది. అవే మనకు అంటించాయి. వాటిని తుంగలోంచి తరిమేద్దాం" అన్నాడు. కుక్కలన్నీ సరే అన్నాయి.

పిల్లులను తరిమితే తన కూన బతుకుతుందా? కెంపికి కావలసింది అదొక్కటే. ఆమె వాగు దగ్గరికి వెళ్ళింది. అక్కడ తుంగమ్మ అనే ముసలి బావురుపిల్లి ఉండేది. తన పిల్లలను ఆ పాత జబ్బు ఎత్తుకుపోయినప్పటి నుంచి తుంగమ్మకు ఒకటే ధ్యాస, అది ఎలా వస్తుందో కనిపెట్టాలని.

"తుంగమ్మక్కా, ఈ జబ్బు మీ దగ్గరి నుంచే వచ్చిందా?" అని అడిగింది కెంపి.

"తెలియదమ్మా" అంది తుంగమ్మ. "చూసి చెబుతాను. అందాకా మీ పెద్దను ఆగమను."

అడవిలో అందరూ అన్నీ తెలుసుననేవాళ్ళే. తెలియదన్నవారిని కెంపి చూడటం అదే మొదలు. ఎందుకో ఆ మాటకే నమ్మకం కుదిరింది. గండప్ప కాళ్ళావేళ్ళా పడి పున్నమి దాకా గడువు తెచ్చింది.

తుంగమ్మ చెట్టెక్కి కూర్చుని చూడటం మొదలుపెట్టింది. ముందు గాలిని అనుమానించింది. జబ్బు పట్టిన బొరియల మీదుగా గాలి వీచే వైపున చండి అనే కుక్క ఉండేది. చండి కూనలు శుభ్రంగా గంతులేస్తున్నాయి. గాలి కాదు. తర్వాత వాగు నీళ్ళను అనుమానించింది. చండి కూనలూ ఆ నీళ్ళే తాగుతున్నాయి. నీళ్ళూ కాదు. మరి చండిలో ఏముంది? నోరుంది. అందరితో తగాదా పెట్టుకుని ఆ బండ దగ్గరికి పోవడమే మానేసింది. దాని గడప ఎవరూ తొక్కరు, అదీ ఎవరి గడపా తొక్కదు. తుంగమ్మ చూపు బండ మీద నిలిచింది.

పున్నమి నాడు తుంగమ్మ గుట్ట కిందికి వచ్చి నిలబడింది.

"రెండు మాటలు చెబుతాను. ఆనవాళ్ళు చూస్తే, మా పాత జబ్బే వేషం మార్చుకుని మీలో చేరినట్టుంది. ఇది మొదటిది. ఇప్పుడు దాన్ని మోస్తున్నది మాత్రం మీరే. ఇది రెండోది. జబ్బు కూనల మలంలో కంటికి ఆనని క్రిమి ఉంటుంది. మా పాత జబ్బప్పుడు చూశాను, అది నెలల తరబడి మట్టిలో చావకుండా ఉంటుంది. బండ దగ్గర మీ ముక్కులకు, కాళ్ళకు అంటుకుంటుంది. పరామర్శకని వెళ్ళి దాన్ని ఇంటింటికీ పంచి వస్తున్నారు."

కెంపి తన కాళ్ళ వంక చూసుకుంది. తన కూనలకు జబ్బు రాకముందు ఆమె కూడా పక్క బొరియకు పరామర్శకు వెళ్ళి వచ్చింది.

గండప్ప పళ్ళు బయటపెట్టాడు. "విన్నారా? తన నోటితోనే ఒప్పుకుంది."

కెంపి వెళ్ళి తుంగమ్మకు అడ్డంగా నిలబడింది. "పెద్దయ్యా, మొదటి మాట చెబితే తన ప్రాణానికే ముప్పని తెలిసీ చెప్పింది. అలాంటిది రెండో మాట అబద్ధమాడుతుందా?"

గండప్ప పళ్ళు లోపల పెట్టుకుని వెనక్కి తగ్గాడు. కుక్కలు బండను వదిలేశాయి. పరామర్శలు దూరం నుంచి కేక వేసి కానిచ్చాయి. కొత్తగా జబ్బుపడే కూనలు తగ్గుతూ వచ్చాయి. కెంపి కూన బతికింది.

ఆ క్రిమినే మన పశువుల డాక్టర్లు పార్వో వైరస్ అంటారు. వాళ్ళూ తుంగమ్మలాగే ఏళ్ళ తరబడి ఓపికగా చూసి దాని గుట్టు పట్టుకున్నారు. మన కుక్కపిల్లకు టీకా సూది వేయించింది అది సోకకుండా ఉండాలనే.

కొన్నాళ్ళకు తుంగలో పిల్లికూనలు కక్కుకోవడం మొదలుపెట్టాయి. గండప్ప వాగు దాకా వచ్చి, ఇవతలి గట్టునే ఆగిపోయాడు. తన కాళ్ళతో జబ్బును అవతలికి మోసుకెళ్తానేమోనని అతని భయం.

"తుంగమ్మా, మొన్న మా కుర్ర కుక్కలు మీ తుంగలో తిరిగి వచ్చాయి. ఈసారి జబ్బు మా ఇంటి నుంచే వచ్చిందేమో" అన్నాడు.

"నిజంగా తెలుసా, గండప్పా?"

"తెలియదు" అన్నాడు ఆ పెద్ద కుక్క, తల వంచుకుని. "ఎలా చూడాలో చెప్పు. నేనూ చూస్తాను."

నీతి: తెలియదని ఒప్పుకుని వెతికినవారికే నిజం దొరుకుతుంది, తమకు చేటైనా దాన్ని దాచకుండా చెప్పినవారి మాటే పదిమందినీ కాపాడుతుంది.