రాజుగారు ఆడిన చెడుగుడు

మేదరి కొండయ్య చిక్కులో పడ్డాడు. ఊరి చెడుగుడు జట్టుకు ఆటస్థలంగా కాస్త మాన్యం ఇప్పించమని అడిగితే, రాజుగారు పెట్టిన షరతు అలాంటిది.

"మా భటులతో ఆడండి. ఓడితే మాన్యం లేదు. గెలిస్తే ఇస్తాను గానీ, మమ్మల్ని అవమానించినందుకు మీ జట్టులో మనిషికి వంద కొరడా దెబ్బలు!"

కిందటేడు గెలిచిన పొరుగూరివాళ్లు ఇంకా బోర్లానే పడుకుంటున్నారు.

"మావాడొకడు భయంతో పారిపోయాడు. తమరే మా వైపు ఆడాలి ప్రభూ" అన్నాడు కొండయ్య.

రాజుగారు ఉబ్బిపోయి, పంచె బిగించి కూతకెళ్లారు. ఆయన్ని పట్టుకునే ధైర్యం ఏ భటుడికుంది? ఊరే గెలిచింది.

గెలుపు మైకం దిగగానే రాజుగారికి షరతు గుర్తొచ్చింది. "కొరడా తెండి!"

కొండయ్య చేతులు జోడించాడు. "చిత్తం ప్రభూ. మొదట కూతకెళ్లింది తమరే కదా, మొదటి వంద తమకేనా?"

కొరడా వెనక్కి పోయింది. మాన్యం ఆ పూటే దక్కింది.