రాణి ఒడిలో గుప్పెడు గింజలు

అనగనగా సముద్రపు ఒడ్డున మణికేతుడని ఒక రాజు ఉండేవాడర్రా. ఆయన రాణి హేమలేఖకు ముప్ఫై నాలుగేళ్లు వచ్చినా కడుపు పండలేదు.

ఒకనాడు తెల్లగడ్డం సన్యాసి ఒకడు వచ్చాడు. వారానికి మూడు ఉపవాసాలు ఉండమన్నాడు, వైద్యుల మందు ముట్టవద్దన్నాడు, తను మళ్లీ వచ్చేదాకా ఆగమన్నాడు. రాణి భక్తిగా అలాగే చేసింది. ఏడాదికి వచ్చాడు. గడ్డం సగం నలుపు. ఇంకో ఏడాది ఆగమన్నాడు. ఆగింది. మూడోసారి వచ్చాడు. గడ్డం కారునలుపు. రాణికేమో మొహం పాలిపోయింది, గొంతు వాచింది, మూడు నెలలుగా నెలసరి లేదు. ఆ గడ్డం చూడగానే ఆవిడకు అనుమానం వచ్చింది. ఇంకొక్క ఏడాది అని నవ్వి వాడు మాయమయ్యాడు.

రాణి ముసలి మంత్రసాని సూరమ్మను పిలిపించింది. సూరమ్మ కనురెప్ప తిప్పి చూసింది, గొంతు తడిమింది.

"ఆడపిల్ల పుట్టేటప్పుడే ఒడినిండా బిడ్డలయ్యే గింజలు తెచ్చుకుంటుంది తల్లీ. ఏటేటా తరుగుతాయి. ముప్ఫై అయిదు దాటితే మరీను. నిన్ను ఆగమన్నవాడు మాంత్రికుడు. రాలిన గింజలు ఏడు సముద్రాల అవతలున్న వాడి చిలుక మేస్తోంది, వాడు పడుచువాడవుతున్నాడు. వాడి ప్రాణం ఆ చిలుకలోనే ఉంది."

"ఇంకెన్ని ఉన్నాయి సూరమ్మా?"

"గుప్పెడు."

ఆ మాట విని రాజు ఆ పూటే బయల్దేరి, ముసలి తాబేలు వీపు మీద ఏడు సముద్రాలు దాటాడు. ఎవరి గొంతు వినిపించినా పలకవద్దని తాబేలు దారిపొడుగునా చెబుతూనే ఉంది. ఏడో దీవిలో గుహ, గుహలో పంజరం, పంజరంలో చిలుక. అది రాజు తల్లి గొంతుతో పిలిచింది. పలకలేదు. రాణి గొంతుతో ఏడ్చింది. పలకలేదు. ఇంకా పుట్టని బిడ్డ గొంతుతో "నాన్నా" అంది. రాజు పెదవి కొరుక్కుని దాని మెడ విరిచాడు. ఎక్కడున్న మాంత్రికుడు అక్కడే బూడిదయ్యాడు.

చిలుక పొట్టలోని గింజలు తీసుకుపోదామన్నాడు రాజు.

"అరిగినవి మొలవవు నాయనా," అంది తాబేలు. "ఇంట్లో మిగిలినవే మీవి. త్వరగా పద."

రాజు కోటకు చేరాడు. సూరమ్మ రాణిచేత ఉపవాసాలు మాన్పించింది. రాగిజావ, మునగాకు, నువ్వుండలు పెట్టింది. రాజవైద్యుడు గొంతు వాపుకు మందిచ్చాడు. మానేసిన ఉపవాసాలకు క్షమించమని రాణి దేవుడికి మొక్కింది. దేవుడు ఏమీ అనుకోలేదు. నెలసరి దారిన పడింది. అయినా నెలనెలా భయమే, ఆ గుప్పెడూ అయిపోయిందేమోనని. అలా ఎనిమిదో నెలలో కడుపు నిలిచింది. ఆడపిల్ల పుట్టింది. ఆ ఒక్కతే.

ఆ ముగ్గురూ కలకాలం చల్లగా ఉన్నారు. బిడ్డ కోసం ఉపవాసముంటున్నానని ఏ ఇంటి కోడలు కోటకు వచ్చినా, రాణి మొదట అన్నం పెట్టి, తిన్నాకే పేరు అడిగేది.